ఒక్కరే ఆడే పేక

మా ఇంట్లో పేకకట్ట బయటికొచ్చిందంటే మూడే కారణాలు: సంక్రాంతికి చుట్టాలు దిగి ఉండాలి, శివరాత్రి జాగారమై ఉండాలి, లేదంటే ఎవరో పోయి ఆ ఇంట్లో తెల్లవార్లూ మేలుకోవాల్సి వచ్చి ఉండాలి. ఈ మూడూ కాని ఒక మంగళవారం రాత్రి నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పేక కలుపుతుంటే అమ్మ ఆగి చూసింది. "ఒక్కదానివే పేకాడుకుంటున్నావేంటే?" అంది. ఎదురుగా పేక, పక్కన నోటుబుక్కు. ఒక ముక్క తీయడం, కాసేపు రాయడం, మళ్లీ ముక్క తీయడం. పది నిమిషాలు అలాగే చూసి, "మరి ఎవరు గెలిచారు?" అని అడిగింది.

జవాబు చెప్పలేకపోయాను. ఈ ఆట గురించి మొదటిసారి విన్నవాళ్లు దాదాపు అందరూ ఆ ప్రశ్న దగ్గరే ఆగుతారు. ఎదుట ఎవరూ లేరు, పందెం లేదు, రాసేది నువ్వే, చదివేదీ నువ్వే. ఇక ఆట ఎక్కడుంది?

దీన్ని ఇంగ్లిష్‌లో సోలో జర్నలింగ్ ఆర్పీజీ అంటారు. ఆ పేరులోనే సగం చిక్కు ఉంది. ఆర్పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్, ఒక పాత్రలోకి దూరి ఆడే ఆట. మామూలుగా అది నలుగురు కూర్చుని ఆడేది. సోలో అంటే ఒక్కరే. జర్నలింగ్ అంటే డైరీ రాయడం, దానికీ ఆటకీ పొత్తే లేదు. వీటికి తోడు పేక. పేక అనగానే మనకు ముందు డబ్బు గుర్తొస్తుంది, ఆ వెంటనే పోలీసులు. రమ్మీ నైపుణ్యమా, అదృష్టమా అనే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులోనే. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో లెక్క వేసుకోవాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమే అని 1967లో కోర్టు తేల్చింది. నేను చెప్పే ఆట ఈ రెండింట్లో దేనికిందికీ రాదు. ఇందులో బాగా ఆడటం, చెడుగా ఆడటం లేవు. మంచి ముక్క, చెత్త ముక్క కూడా లేవు. పేక ఇక్కడ వేరే ఉద్యోగం చేస్తుంది. ఆ ఉద్యోగం ఏమిటో తెలియాలంటే ముందు అది ఎవరి కుర్చీలో కూర్చుందో చూడాలి.

ఆట నడిపేవాడు వెళ్లిపోతే

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. బల్ల మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపు ఆటల్లోంచి పుట్టిందది. ఒకడు ఆట నడుపుతాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తారో నోటితో చెబుతారు. "తలుపు తోస్తాను" అని నువ్వంటే, తలుపు వెనక ఏముందో అతను చెబుతాడు.

కాస్త గమనిస్తే ఆ నడిపేవాడు చేసేవి మూడు పనులు. నీకు తెలియనిది చెబుతాడు. నువ్వు కోరింది జరగనివ్వడు. ఆట ఎప్పుడు ఆపాలో తేలుస్తాడు. నలుగురు దొరకనప్పుడు, ఒక్కడివే మిగిలినప్పుడు, ఈ మూడూ ఎవరు చేయాలి? సోలో ఆటల చరిత్రంతా ఈ ఒక్క ఖాళీ కుర్చీ చుట్టూ తిరిగింది.

మొదటి ప్రయత్నాలు వెంటనే మొదలయ్యాయి. 1975లో గైగాక్స్ స్వయంగా తమ సంస్థ పత్రిక తొలి సంచికలో, పాచికలు వేసుకుంటూ ఒక్కరే నేలమాళిగలు గీసుకుంటూ పోవడానికి పట్టికలు అచ్చువేశాడు. 1976లో రిక్ లూమిస్ 'బఫెలో కాసిల్' రాశాడు. ఎడమవైపు వెళ్తే ఫలానా పేరా చదవండి, కుడివైపు వెళ్తే ఫలానా పేరా చదవండి అనే తరహా. మొదటిదాంట్లో గదులు దొరుకుతాయి గానీ కథ దొరకదు. రెండోదాంట్లో కథ ఉంది, కానీ అది ఎవరో ముందే రాసి పెట్టింది. 2003లో వచ్చిన 'మిథిక్' ఇంకో దారి పట్టింది. నీకు కావలసిన ప్రశ్న నువ్వే అడుగు, పాచికలు అవుననో కాదనో చెబుతాయి, కథ ఎంత గందరగోళంగా ఉంటే జవాబులు అంత వింతగా వస్తాయి. అద్భుతమైన యంత్రమే. కానీ ఒక చిక్కుంది, ప్రశ్న అడగాల్సింది నువ్వే. రోజంతా ఆఫీసులో ప్రశ్నలకు జవాబులు చెప్పి వచ్చినవాళ్లకు మళ్లీ ప్రశ్నలు పుట్టించే ఓపిక ఎక్కడ మిగులుతుంది?

డైరీ ఆటలు దీన్ని తిరగేశాయి. ఇక్కడ ఆట అడుగుతుంది, నువ్వు చెబుతావు. ఒక్కో ముక్కకు ఒక్కో వాక్యం ముందే రాసి ఉంటుంది. దాన్ని ప్రాంప్ట్ అంటారు. ఈ మాట మన నాటకాలవాళ్లకు కొత్తేమీ కాదు. తెర వెనక నిలబడి ప్రాంప్టింగ్ ఇచ్చే మనిషి ప్రతి నాటక సమాజంలోనూ ఉండేవాడు. కాకపోతే అతను నువ్వు మర్చిపోయిన డైలాగు అందిస్తాడు. పేక అందించేది నువ్వు ఎప్పుడూ కంఠస్థం చేయని డైలాగు.

పాచికకు మతిమరుపు

ఇంతవరకూ ఒప్పుకున్నా, పేకే ఎందుకు, పాచికలు చాలవా అన్నది మిగులుతుంది. నా దృష్టిలో ఈ ఆటల కిటుకంతా ఇక్కడే ఉంది. చాలామంది దీన్ని గబగబా దాటేస్తారు. పేక చవక, ప్రతి ఇంట్లో ఉంటుంది, ఇరవై ముఖాల పాచిక కోసం ఆన్‌లైన్లో వెతకాలి, అంతే అంటారు. అదీ నిజమే. కానీ అసలు విషయం అది కాదు.

పాచికకు జ్ఞాపకం లేదు. ఇప్పుడే ఆరు పడినా, మళ్లీ వేస్తే ఆరు పడే అవకాశం ఆరింట ఒకటే. ఇరవై వాక్యాల పట్టిక పెట్టుకుని ఇరవై ముఖాల పాచికను ఇరవై సార్లు వేశావనుకో. సగటున పదమూడు వాక్యాలే కనిపిస్తాయి. మిగతా ఏడు కనబడవు. వాటి బదులు కనబడినవే మళ్లీ మళ్లీ వస్తాయి. నిన్న ఇంటికి నిప్పంటుకుంది, ఇవాళ కూడా నిప్పంటుకుంది. రెండోసారి అది విపత్తు కాదు, విసుగు.

పేకలో తీసిన ముక్క పక్కన పడుతుంది. మళ్లీ రాదు. కాబట్టి జరిగింది ఒక్కసారే జరుగుతుంది, మన బతుకులో లాగే. అంతకన్నా ముఖ్యం, తీసే ప్రతి ముక్కా మిగతా కట్టను మారుస్తుంది. ఆసులు మూడు వెళ్లిపోయాయంటే ఇంకొకటి లోపల ఉందని నీకు తెలుసు. ఎక్కడుందో తెలియదు. తప్పదని తెలిసి, ఎప్పుడో తెలియకపోవడం కన్నా పెద్ద టెన్షన్ కథల్లో ఏముంటుంది? పాచికతో ఇది కుదరదు. ఇరవై సార్లు వేసినా ఆరు పడకపోవచ్చు, ఇరవయ్యొకటోసారి పడి తీరాలని ఏమీ లేదు.

ఇంకొకటి, పేక పుట్టుకతోనే ఒక పట్టిక. నాలుగు గుర్తులు, ఒక్కో గుర్తుకు పదమూడు. ఇస్పేటు అంటే ప్రమాదం, ఆఠీను అంటే మనుషులు అని రెండు మాటలు అనుకుంటే చాలు, సగం ఆట తయారైనట్టే. అంకె పెద్దదయ్యే కొద్దీ సంగతి తీవ్రం కావాలనుకోవచ్చు. రాజు, రాణి, జాకీలకు ముఖాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి వాటిని మనుషులుగా వాడుకోవచ్చు. కలిపిన కట్ట ఎన్ని వరసల్లో ఉండొచ్చో లెక్కవేస్తే, 8 పక్కన 67 సున్నాలు పెట్టాల్సి వస్తుంది. బాగా కలిపిన పేక వరస ప్రపంచంలో ఇంతకుముందు ఎవరి చేతిలోనూ వచ్చి ఉండదని ధైర్యంగా చెప్పొచ్చు. అంటే వాక్యాలు 52 మాత్రమే అయినా కథ రెండోసారి అదే రాదు.

ఈ లక్షణాన్ని ఎంత తెలివిగా వాడొచ్చో ఏవరీ ఆల్డర్ 2013లో తెచ్చిన 'ద క్వయట్ ఇయర్' చూస్తే తెలుస్తుంది. అది ప్రధానంగా కొందరు కలిసి ఒక ఊరి పటం గీస్తూ ఆడే ఆట, డైరీ ఆట కాదు. కానీ పేకను కాలంగా మార్చడంలో దానికి సాటి లేదు. నాలుగు గుర్తులూ నాలుగు రుతువులు: ఆఠీను వసంతం, డైమండు వేసవి, కళావరు శరత్తు, ఇస్పేటు చలికాలం. ఏ గుర్తుకా గుర్తు విడిగా కలిపి ఒకదాని కింద ఒకటి పేరుస్తారు. 52 ముక్కలు, 52 వారాలు, ఒక ఏడాది. ఇస్పేటు రాజు రాగానే ఆట ఆగిపోతుంది. ఆ రాజు చలికాలపు పదమూడు ముక్కల్లో ఎక్కడైనా ఉండొచ్చు. ఆఖరున ఉంటే ఏడాది పూర్తవుతుంది. పైనే ఉంటే 40వ వారంలోనే, పనులన్నీ సగంలో ఉండగానే, ముగుస్తుంది. మొదటి మూడు రుతువులూ నిశ్చింతగా ఆడినవాళ్లు నాలుగోదాంట్లో ప్రతి ముక్కా వేలితో మెల్లగా ఎత్తి చూస్తారు.

పాచికలతో గొప్ప డైరీ ఆటలు లేవని కాదు. టిమ్ హచింగ్స్ రాసిన 'థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్' పాచికలదే. వెయ్యేళ్లు బతికే రక్తపిశాచి డైరీ అది. ఐదు జ్ఞాపకాలే పెట్టుకోవచ్చు, ఒక్కో దాంట్లో మూడేసి అనుభవాలు. చోటు నిండాక కొత్త జ్ఞాపకం కావాలంటే పాతదొకటి కొట్టేయాలి. కన్నతల్లి పేరు మీద నీ చేత్తో నువ్వే పెన్నుతో గీత గీయాలి. అక్కడ జ్ఞాపకం పనిని నోటుబుక్కు చేస్తోంది కాబట్టి పాచికకు మతిమరుపున్నా నడిచిపోయింది. ఎక్కడో ఒకచోట మాత్రం జ్ఞాపకం ఉండి తీరాలి.

నలుగురు రాజులు

పేకతో ఆడే డైరీ ఆటల్లో ఎక్కువమంది అనుకరించింది క్రిస్ బిసెట్ రాసిన 'ద రెచెడ్'. అంతరిక్షంలో చెడిపోయి ఆగిన ఓడ. సిబ్బందిని ఒక వింతజీవి చంపేసింది. మిగిలింది నువ్వొక్కడివే. దాన్ని బయటికి నెట్టేశావు, కానీ అది చావలేదు, లోపలికి రావాలని చూస్తోంది. రోజూ పాచిక వేసి, ఎన్ని పడితే అన్ని ముక్కలు తీసి, ఒక్కోదాని వాక్యం చదివి, ఆ రోజు ఏం జరిగిందో గొంతుతో రికార్డు చేసుకోవాలి.

పక్కనే జెంగా గోపురం ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన 54 చెక్కముక్కలు. కింది నుంచి ఒకటి లాగి పైన పెట్టే ఆట. కొన్ని పేకముక్కలు 'గోపురంలోంచి ఒకటి లాగు' అంటాయి. గోపురం కూలితే నువ్వు చచ్చిపోయినట్టే. ఇక్కడ నాకు నచ్చేది, భయం కాగితం మీంచి చేతివేళ్లలోకి దిగుతుంది. చేతులు వణకడం గురించి రాయక్కర్లేదు, వణుకుతూనే ఉంటాయి.

గోపురం నిలబడ్డా, నాలుగో రాజు వచ్చిన క్షణం ఆట అయిపోతుంది. దీని లెక్క ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఆట కథలా అనిపించడానికి కారణం ఈ లెక్కలోనే దాగుంది. బాగా కలిపిన కట్టలో మొదటి రాజు సగటున పదీ పదకొండు ముక్కల మధ్య వస్తాడు. రెండోవాడు ఇరవయ్యొకటో ముక్క దగ్గర, మూడోవాడు ముప్ఫై రెండు దగ్గర, నాలుగోవాడు నలభై రెండు దాటాక. రోజుకు సగటున మూడున్నర ముక్కలు కాబట్టి సుమారు పన్నెండు రోజుల కథ. ఇదంతా సగటు మాట. నలుగురు రాజులూ మొదటి సగం కట్టలోనే వచ్చేసే అవకాశం నూటికి ఐదున్నర. ఆఖరి ముక్కే రాజయ్యే అవకాశం పదమూడింట ఒకటి. అంటే కథకు దాదాపు సమదూరంలో నాలుగు మలుపులు పడతాయి, కానీ ఏ మలుపు ఎప్పుడన్నది చేతిలో ఉండదు. సీరియల్ రచయితలు కష్టపడి పేర్చేదాన్ని పేక ఊరికే ఇస్తోంది.

తర్వాత బిసెట్, మ్యాట్ శాండర్స్ కలిసి ఈ పద్ధతిని 'రెచెడ్ అండ్ అలోన్' అనే పేరుతో, ఎవరైనా సొంత ఆట కట్టుకోవడానికి వీలుగా బయటపెట్టారు. దాంతో చిన్నచిన్న ఆటలు రాసేవాళ్లు తమ రాతల్ని అమ్ముకునే వెబ్‌సైటు ఇచ్.ఐఓలో ఈ తరహావి పుట్టలుగా పుట్టుకొచ్చాయి. అన్నీ బాగుంటాయని అనను. చాలావాటిలో ఓడ పోయి మంచుకొండ వస్తుంది, మంచుకొండ పోయి అడవి వస్తుంది, వాక్యాలు మాత్రం అవే.

నీట మునిగే ఊరి పోస్టాఫీసు

నేను కూడా ఒకటి కట్టుకున్నాను. అంతరిక్షంలో నాకు చుట్టాలెవరూ లేరు. ప్రాజెక్టు నీళ్ల కింద మునగబోయే ఊళ్లో చివరిదాకా ఉండాల్సిన బ్రాంచి పోస్టుమాస్టరు నా పాత్ర. ఇస్పేటు నీళ్లు. ఆఠీను మనుషులు. డైమండు వదిలేసి వెళ్లిన వస్తువులు. కళావరు పై ఆఫీసు నుంచి వచ్చే కాగితాలు. గోపురం లేదు. రోజుకు రెండు ముక్కలు, నాలుగో రాజుతో నీళ్లు పోస్టాఫీసు మెట్టెక్కుతాయి. వాక్యాలు రాసుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది.

మొదటి రోజు ఆఠీను నాలుగు వచ్చింది: 'ఒకరు ఊరు వదలనంటున్నారు. కారణం డబ్బు కాదు.' రెండోది డైమండు తొమ్మిది: 'తాళం వేసిన ఇంట్లోంచి చప్పుడు.' ఈ రెండూ నేను రాసినవే, వేర్వేరు రోజుల్లో, ఒకదానికొకటి సంబంధం లేకుండా. కానీ పక్కపక్కన పడేసరికి ఊరుకోలేదు. నోటుబుక్కులో ఇలా వచ్చింది:

"రామాలయం పక్కింటికి తాళం పడి పదిహేను రోజులు. ఇవాళ టపా సంచి విప్పుతుంటే ఆ ఇంట్లో గోడ గడియారం పన్నెండు కొట్టింది. వారానికోసారి కీ ఇస్తే గానీ నడవనిది. కీ ఎవరిస్తున్నారు?"

ఎవరిస్తున్నారో నాకూ తెలియదు. నిజంగానే తెలియదు. గడియారం ఏ ముక్కలోనూ లేదు. ఒక ముక్కలో మొండి మనిషి ఉంది, ఇంకోదాంట్లో చప్పుడు ఉంది, రెండూ గుద్దుకుంటే గడియారం పుట్టింది. ఒక్క ముక్క ఇస్తే మనం అలవాటైన కథే రాస్తాం. రెండు ఇస్తే మధ్యలో వంతెన కట్టక తప్పదు, ఆ వంతెనే కొత్తది. రోజుకు రెండు ముక్కలన్న నియమం నేనేదో యథాలాపంగా పెట్టుకున్నాను గానీ, ఆట అంతా దాని మీదే నిలబడిందని ఆ రాత్రి తెలిసింది.

కీ ఇస్తున్నది సుబ్బమ్మత్త అని మూడో రోజుకు తేలింది. ఊరంతా ఆమె వెళ్లిపోయిందనుకుంటోంది. పెరటి గుమ్మంలోంచి వచ్చిపోతూ ఉంటుంది. సాయంత్రాలు పోస్టాఫీసుకు మజ్జిగ తెచ్చిస్తుంది. నాకు ఆమె బాగా అలవాటైపోయింది. పదకొండో రోజు ఆఠీను జాకీ వచ్చింది: 'నీకు ఆసరాగా ఉన్న మనిషి చెప్పకుండా వెళ్లిపోయారు.'

ఇక్కడ తొండి ఆడాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు. ముక్కను కట్ట మధ్యలో దూర్చి, కలిపి, ఇంకొకటి తీశాను. కళావరు ఎనిమిది: 'పాత రికార్డులు తగలబెట్టమని ఆర్డరు.' హమ్మయ్య అనుకుని ఆ రోజు రికార్డులు తగలబెట్టాను. మనియార్డరు రసీదులు, సేవింగ్స్ ఖాతాల పుస్తకాలు, అన్నీ.

పదిహేనో రోజు మళ్లీ అదే జాకీ. కట్టలో పెట్టింది నేనే కదా, ఎక్కడికి పోతుంది! కానీ ఈసారి సంగతి వేరు. సుబ్బమ్మత్తకు నెలనెలా పింఛను మనియార్డరులోనే వచ్చేది. ఆమె ఈ ఊరి మనిషే అనడానికి ఉన్న కాగితం ఆ రసీదులు మాత్రమే. వాటిని నేనే తగలబెట్టాను. మొదటిసారే ఒప్పుకుని ఉంటే ఆమె ఊరికే వెళ్లిపోయేది, నేను కాస్త బాధపడి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఆమె వెళ్లడానికి కారణం నేనే అయ్యాను. ఆ రాత్రి రెండు పేజీలు రాశాను, రాసి చాలాసేపు నిద్రపోలేదు.

నేను పెట్టుకున్న పాత్ర, నేను రాసుకున్న వాక్యం, నేనే చేసిన తొండి. అయినా దెబ్బ తగిలింది నాకే. ఆట నడిపేవాడి రెండో పని గుర్తుందా, నువ్వు కోరింది జరగనివ్వకపోవడం? పేక చేస్తున్నది అదే.

చిలక, పృచ్ఛకుడు

ఇదంతా నీ ఊహే కదా, పేకకేం తెలుసు అంటారు. పేకకేమీ తెలియదు, చిలక జోస్యంలో చిలకకు తెలియనట్టే. చిలక బోను దాటి వచ్చి ఒక కార్డు లాగుతుంది. అందులో ఏ దేవుడి బొమ్మో ఉంటుంది. జోస్యుడు నాలుగు మాటలు చెబుతాడు, ఆ నాలుగు మాటల్లో తన ఇంటి సంగతి వెతుక్కునేది డబ్బులిచ్చిన మనిషే. తేడా ఏమిటంటే, అక్కడ ఆ పనిని భవిష్యత్తు అంటారు. ఇక్కడ కథ అంటాం, అంతకుమించి ఏమీ అనం. ఈ ఆటల్ని మానసిక వైద్యంలా అమ్మేవాళ్లంటే నాకు కాస్త చిరాకు కూడా. కొందరికి మనసు తేలికపడొచ్చు. సుబ్బమ్మత్త విషయంలో నాకైతే బరువెక్కింది.

ఇష్టమొచ్చింది రాసుకోవడం ఆటెలా అవుతుందన్న ప్రశ్నకు మాత్రం మన దగ్గర పాత జవాబుంది. అవధానంలో దత్తపది చూసినవాళ్లకు తెలుసు. ఇడ్లీ, వడ, సాంబారు, దోసె అని నాలుగు మాటలిచ్చి, వాటితో భారతార్థంలో పద్యం చెప్పమంటాడు పృచ్ఛకుడు. అవధాని ఇష్టమొచ్చిన పద్యం చెప్పొచ్చు, ఆ నాలుగు మాటలు వస్తే చాలు. ఆ నాలుగూ లేకపోతే అది మామూలు పద్యం. ఉన్నాయి కాబట్టే సభ ఊపిరి బిగబట్టి వింటుంది. అడ్డు పెట్టడమే అక్కడ ఆట. మన చేతిలో ఉన్న పేక కూడా పృచ్ఛకుడే, కాస్త మూగవాడు, అంతే. అవధానం చేయాలంటే ఛందస్సు రావాలి. దీనికి అది కూడా అక్కర్లేదు, అక్షరం వస్తే చాలు. రెండు వాక్యాల్లో ముగించినా ఆటే. సగం మంది నిండు పేజీ రాయాలన్న బెంగతోనే మూడో రోజు మానేస్తారు.

తెలుగులో వాక్యాలు రాసుకునేటప్పుడు ఒక వింత ఇబ్బంది తగిలింది, ఎవరైనా కట్టుకోవాలనుకుంటే పనికొస్తుందని చెబుతున్నాను. ఇంగ్లిష్ ప్రాంప్టుల్లో 'ఎవరో తలుపు కొట్టారు' అన్నచోట వచ్చింది మగా ఆడా అని తేల్చక్కర్లేదు. ఆడేవాళ్లు తర్వాత ఊహించుకుంటారు. తెలుగులో క్రియ చివర అది బయటపడిపోతుంది. 'వచ్చాడు' అంటే మగవాడు, 'వచ్చింది' అంటే ఆడమనిషి, లేదా గేదె. 'వచ్చారు' అంటే రెండూ దాగుతాయి గానీ, దొంగకు కూడా మర్యాద చేసినట్టవుతుంది. చివరికి మనుషుల మీద వాక్యాలన్నీ 'వచ్చారు, వెళ్లారు' అనే రాసి, మర్యాద సంగతి డైరీ రాసేటప్పుడు తేల్చుకున్నాను. తమాషాగా, ఆ తేల్చుకోవడమే ఆటలో భాగమైపోయింది. 'చెప్పకుండా వెళ్లిపోయారు' అన్న ముక్కను నోటుబుక్కులో 'వెళ్లిపోయింది' అని రాయాల్సి వచ్చినప్పుడు, అది సుబ్బమ్మత్తే అని నేను చేత్తో ఒప్పుకున్నట్టయింది. 'నువ్వు'నా 'మీరు'నా అన్నది కూడా ముందే అనుకోవాలి. నా పేక నన్ను నువ్వు అంటుంది.

మొదటి ఆట 22వ రోజున, 43వ ముక్కకు ముగిసింది. నాలుగో రాజు కళావరు. కట్టలో తొమ్మిది ముక్కలు మిగిలాయి.

ఆ తర్వాత ఒకరోజు అమ్మ కూరగాయలు తరుగుతూ, ఆ మునిగిపోయే ఊరి కథ ఏమైందని అడిగింది. చెప్పాను. విని, "శ్రీశైలం నీళ్లొచ్చినప్పుడు మా మేనత్త వాళ్లు ద్వారబంధం, గడప ఊడదీసుకుని ఎడ్లబండి మీద వేసుకొచ్చారు. కొత్త ఇంటికి అది సరిపోలేదు. చాలా ఏళ్లు గోడకు ఆనించి ఉండేది" అంది. అది రాసుకోమంది. రెండో ఆట మొదలుపెట్టేముందు డైమండు రెండుకున్న పాత వాక్యం కొట్టేసి ఆమె మాటే రాశాను: 'గడప ఊడదీసుకుని వెళ్లారు. దాన్ని ఎక్కడ పెట్టారు?'

ఇప్పటికి పదహారు రోజులు ఆడాను, 32 ముక్కలు తీశాను. ఇద్దరు రాజులొచ్చారు. డైమండు రెండు ఇంకా లోపలే ఉంది. మిగిలిన ఇద్దరు రాజులూ బయటపడేలోగా అది రావడానికి మూడింట రెండు వంతుల అవకాశం. అమ్మకు ఈ లెక్క చెప్పాను, ఆమెకు పట్టలేదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక టేబుల్ దగ్గరికి వచ్చి, "వచ్చిందా?" అని అడిగి వెళ్తోంది.